కౌలు రైతుకు ఏ రంగు వేస్తరు?

నేను యూనివర్సిటీల సదువుకున్నోన్ని కాదు. మీటింగులు, కరపత్రాలు, లైబ్రరీల దొరికిన పుస్తకాలు, గవే నా సదువు. అయినా సోషియాలజీ, ఎకనామిక్స్ సదివే పిల్లలతోని మాట్లాడినప్పుడల్లా ఒకటి గమనిస్త. ‘వ్యవసాయ సంబంధాలు’ అంటే నిర్వచనం గడగడ చెప్తరు. మీ ఊర్లె భూమి ఎవరి చేతుల ఉన్నదంటే ఆగిపోతరు. తప్పు పిల్లలది కాదు, చేతికి పని చెప్పని సదువుది.

1900 సంవత్సరంల ప్యారిస్‌ల ప్రపంచ ప్రదర్శన జరిగింది. అమెరికాల అట్లాంటా యూనివర్సిటీ సోషియాలజీ ప్రొఫెసర్ డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్, తన విద్యార్థులు, పాత విద్యార్థులతోని కలిసి దానికోసం 60 దాక పటాలు తయారు చేసిండు. అన్నీ ఇంకుతోని, రంగులతోని చేత్తో గీసినయే. బానిసత్వం పోయి అప్పటికి 35 ఏండ్లే. నల్లజాతోళ్లతోని ఏం కాదని తెల్లదొరలు అంటున్న రోజులు. జార్జియా రాష్ట్రంల నల్లజాతోళ్ల భూమి 10 లక్షల ఎకరాలు దాటిందని గా పటాలు చూపించినయ్. లెక్క ఎవరిదో, గీసింది గూడ వాళ్లే. అసలు సంగతి గదే.

గసొంటి పని మన డిగ్రీ, పీజీ కాలేజీలల్ల ఎందుకు చేయొద్దు? ఒక వాడ, 20 ఇండ్లు తీసుకోవాలె. తాత కాలంల భూమి ఎంత, నాయిన కాలంల ఎంత, ఇయాల ఎంత? ఎకరానికి ఒక అంగుళం చొప్పున రంగు పట్టీలు గీయాలె. గీయబోతెనే తిప్పలు మొదలైతయ్. కౌలు రైతుకు ఏ రంగు? పాసుబుక్కు మొగని పేరు మీద, చాకిరి ఆడామెది, మరి పట్టీ ఎవరిది? అసైన్డ్ భూమి దున్నుతున్నడు గని చేతిల కాగితం లేదు, లెక్కల పట్టాల్నా వద్దా? పిల్లలు కొట్లాడుకుంటరు. గా కొట్లాటనే సామాజిక శాస్త్రం. ఒక గడి గీయకపోతే ఒక మనిషే కనపడకుంట పోతడని అప్పుడు సమజైతది.

అయితే జిరాక్స్ సెంటర్ల కొన్న ప్రాజెక్టుకు అట్ట వేస్తే గిది కాదు. పటం తీస్కపోయి గా వాడోళ్లకే చూపియ్యాలె, తప్పులుంటే వాళ్లే దిద్దాలె. ఇండ్ల పేర్లు బయట పెట్టొద్దు. మార్కులు బొమ్మ అందానికి కాదు, ‘ఈ రంగు ఎందుకు ఎంచుకున్నవ్’ అన్న ప్రశ్నకు చెప్పే జవాబుకు ఇయ్యాలె. ఖర్చంటరా? నాలుగు అట్టలు, రంగు డబ్బాలు, ఒక స్కేలు.

మన పిల్లలల్ల శానా మంది ఇంట్ల మొదటిసారి కాలేజీ మొఖం చూసినోళ్లు. ఇన్నేండ్లు వేరేటోళ్లొచ్చి వాళ్ల అవ్వనాయినలను లెక్కవెట్టి పోయిన్రు. ఇగ ఆ స్కేలు వాళ్ల చేతికే ఇయ్యాలె.