గుడ్డు తేలితే సరిపోతుందా? విత్తనం వడ్లకు ఉప్పునీళ్ళ సాంద్రత కొలిచే పద్ధతి

పోయిన ఖరీఫ్‌లో మా మైసూర్ మల్లిగ నారుమడి అతుకులు అతుకులుగా మొలిచింది. విత్తనం సొంతదే. బీజామృతం పట్టించాను, మండె కూడా సరిగ్గానే కట్టాను. తేడా ఎక్కడ వచ్చిందో చాలా రోజులు అర్థం కాలేదు. చివరికి చూస్తే ఉప్పునీళ్ళ దగ్గర వచ్చింది.

మనందరికీ తెలిసిన పద్ధతే. నీళ్ళలో ఉప్పు కలుపుతూ పోవాలి, కోడిగుడ్డు పైకి తేలి రూపాయి బిళ్ళంత కనబడితే ఆపాలి. అందులో వడ్లు పోస్తే తాలు, సగం పాలుపోసుకున్న గింజ తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది. నేనూ అదే చేశాను. కాకపోతే ఇంట్లో గుడ్డు లేక కొట్లో ఎన్నాళ్ళ నుంచో ఉన్న గుడ్డు తెచ్చాను. కాస్త ఉప్పు వేయగానే తేలిపోయింది. ఉప్పు మిగిలిందని సంతోషించాను కూడా!

మా ఊరి బడిలో సైన్స్ చెప్పే మాస్టారు ల్యాబ్‌లో అసలు సంగతి చూపించారు, వీడియోలో ఉంది చూడండి. పక్కన ముక్కు ఉన్న డబ్బాలో అంచుదాకా నీళ్ళు పోసి, గుడ్డు మెల్లగా దించారు. ముక్కులోంచి కారిన నీళ్ళను కొలజాడీలో పట్టారు. కోడి ఆ రోజు పెట్టిన గుడ్డు 54 గ్రాములు తూగింది, 50 మిల్లీలీటర్ల నీళ్ళు కారాయి. 54ను 50తో భాగిస్తే 1.08. అదే దాని సాంద్రత. పాత గుడ్డుకూ 50 మిల్లీలీటర్లే కారాయి, కానీ బరువు 51 గ్రాములే. అంటే 1.02. పెంకుకు సన్నటి రంధ్రాలుంటాయి కదా, వాటిలోంచి తేమ పోతుంది, ఆ చోట్లో గాలి చేరుతుంది. పెంకు సైజు మారదు, బరువు మాత్రం తగ్గుతుంది. మరీ పాతదైతే మంచినీళ్ళలోనే తేలుతుంది.

సంచిలో మిగిలిన విత్తనాన్ని అక్కడే సరైన ఉప్పునీళ్ళలో వేసి చూశాం. మునిగినవని నేను నమ్మినవాటిలో చాలా గింజలు పైకొచ్చాయి.

ఇప్పుడు గుడ్డు పక్కన పెట్టేశాను. ల్యాబ్‌లో సాంద్రత సీసా అని చిన్న గాజు సీసా ఉంటుంది. మనకు ఖాళీ నీళ్ళ బాటిల్, వంటింటి డిజిటల్ కాటా చాలు. బాటిల్ మెడ దగ్గర గీత పెట్టండి, సన్నటి చోట గీత ఉంటే తేడా తక్కువ వస్తుంది. ఖాళీగా తూచండి. గీత దాకా మంచినీళ్ళు పోసి తూచండి. తర్వాత అదే గీత దాకా ఉప్పునీళ్ళు. కంటిని గీతకు సమానంగా దించి చూడాలి, నిలబడి పైనుంచి చూస్తే తప్పు. బాటిల్ బరువు తీసేస్తే నాకు మంచినీళ్ళు 750 గ్రాములు, ఉప్పునీళ్ళు 825 గ్రాములు వచ్చాయి. 825ను 750తో భాగిస్తే 1.10. నేను వరికి ఇదే పెడుతున్నాను. బాటిల్‌లో సరిగ్గా ఎంత పడుతుందో తెలియకపోయినా ఫర్వాలేదు, రెండుసార్లూ గీత ఒకటే కదా.

10 లీటర్ల నీళ్ళకు 1.6 కిలోల ఉప్పు వేస్తే దాదాపు 1.10 వస్తుంది. తడిగా ఉన్న రాళ్ళ ఉప్పయితే ఇంకాస్త పడుతుంది, అందుకే తూచి చూడడం. ఒక మాట: 11.6 కిలోలను 10తో భాగించి 1.16 అనుకోకండి. ఉప్పు కరిగాక నీళ్ళు పదిన్నర లీటర్ల దాకా అవుతాయి. నేనూ మొదట అలాగే లెక్కేశాను, మాస్టారు నవ్వారు.

వడ్లు పోశాక చేత్తో బాగా కలపండి. పొట్టుకు గాలి బుడగ అంటుకుంటే గట్టి గింజ కూడా తేలుతుంది. తేలినవి వెంటనే తీసేయండి, ఎక్కువసేపు నానబెట్టొద్దు. మునిగిన విత్తనాన్ని మంచినీళ్ళలో రెండు మూడుసార్లు కడిగి, ఆ తర్వాతే బీజామృతం. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది.

తేలిన తాలును కడగకుండా కోళ్ళకు వేయొద్దు, ఉప్పు వాటికి ప్రమాదం. ఆ నీళ్ళు మరో విడత విత్తనానికి వాడుకోవచ్చు, మళ్ళీ ఒకసారి తూచి చూసుకోండి. పారబోసేటప్పుడు మాత్రం మడిలోకి, పెంటదిబ్బ మీదకి వద్దు.