సంఘం కంప్యూటరుకు రెండవ హార్డ్ డిస్క్: ఏది కొనాలి, ఎట్లా బిగించాలి

పాల సంఘంలో తూకం కాటా, టెస్టరు, ప్రింటరు సభ్యులందరికీ తెలిసినవే. రెండు పూటలా కళ్ళెదుట వుంటాయి గనుక వాటి బాగోగులు అందరూ కనిపెడుతూనే వుంటారు. వెన్న ఒక పాయింటు తగ్గితే టెస్టరు కడిగారా లేదా అని నిలదీయడం మన సభ్యులకు అలవాటే. కంప్యూటరు సంగతి మాత్రం కార్యదర్శికి వదిలివేస్తారు. ఆయన దానిని ప్రోగ్రాం ఎక్కించిన కుర్రవాడికి వదిలివేస్తాడు.

సభ్యుడి కష్టార్జితం లెక్కంతా ఆ పెట్టెలోనే వుంటుంది. ఏ పూట ఎన్ని లీటర్లు పోశారు, వెన్న ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత, దాణా బాకీ కింద ఎంత విరగ్గోశారు అన్నది అందులో నిలవ వుంటుంది. సంవత్సరాంతాన బోనస్ పంచేది ఆ లెక్క మీదనే. ఓటు హక్కుకు ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోసి వుండాలని బైలాలో వున్న చోట దానికి రుజువు కూడా అదే. గేదె కోసం బ్యాంకు అప్పు అడగబోతే చూపే కాగితం అక్కడినుంచి తీసిందే. చేతికిచ్చే రశీదు చీటీని నమ్ముకుందామంటే, వేడితో అచ్చయ్యే ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. పాతకాలపు రిజిస్టరుకు చెదలు పట్టినా సగం పుటలైనా మిగిలేవి. డిస్క్ చెడితే ఏళ్ళ తరబడి లెక్క ఒక్క పూటలో పోవచ్చు. అందుచేత ప్రతి సంఘం తన కంప్యూటరులో రెండవ డిస్క్ ఒకటి బిగించుకోవడం అవసరం. ఆ పని ఎట్లా చేయాలో చందర్లపాడు ప్రాంతపు ఎండ, దుమ్ము, వరద దృష్టిలో పెట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాము.

హార్డ్ డిస్క్ అంటే ఒక అల్యూమినియం డబ్బా. లోపల అద్దంలాంటి నున్నటి పళ్ళెం ఒకటో, రెండు మూడో ఒకే ఇరుసు మీద తిరుగుతూ వుంటాయి. పళ్ళేనికి అయస్కాంతపు పూత వుంటుంది. సన్నటి చేయి చివరనున్న తల ఆ పూత మీద అక్షరాలను అయస్కాంత గుర్తులుగా రాస్తుంది, చదువుతుంది. యాసిడ్ పోసి వెన్న తీసే గెర్బర్ పద్ధతిలో సెంట్రిఫ్యూజ్ నిమిషానికి సుమారు 1100 చుట్లు తిరగడం పాత సభ్యులు చూసే వుంటారు. ఈ పళ్ళెం నిమిషానికి 5400 లేదా 7200 చుట్లు తిరుగుతుంది. 7200 చుట్ల పళ్ళెం అంచు దగ్గర వేగం గంటకు 120 కిలోమీటర్లకు పైమాటే. అంత వేగంలోనూ తల పళ్ళేనికి తగలదు, గాలి పొర మీద తేలుతుంది. మధ్యనున్న సందు ఎంతంటారా? మిల్లీమీటరును లక్ష భాగాలు చేస్తే అందులో ఒక భాగం కంటే తక్కువ. మన తల వెంట్రుక ఆ సందుకు వేల రెట్లు మందం. నడుస్తున్న కంప్యూటరు పెట్టెకు క్యాను తగిలితే ఎందుకు కంగారుపడాలో దీనివల్ల అర్థమవుతుంది.

దుకాణంలో ముందుగా అడిగేది ఎంత సైజు డిస్క్ కావాలని. ఒక టెరాబైటు, రెండు టెరాబైట్లు అంటూ పెద్దవి చూపుతారు. మన అవసరం ఎంతో మనమే లెక్క కట్టుకుందాం. రెండువందలమంది సభ్యులున్న సంఘం అనుకోండి. రోజుకు రెండు పూటలు, ఏడాదికి 365 రోజులు. మొత్తం 1,46,000 పద్దులు. ఒక్కొక్క పద్దుకు నూరు అక్షరాల చోటు ఉదారంగా ఇచ్చినా ఏడాదికి కోటీ నలభై ఆరు లక్షల అక్షరాలు. ఒక టెరాబైటు డిస్క్‌లో లక్ష కోట్ల అక్షరాలు పడతాయి. అంటే ఆ సంఘం లెక్క అరవై ఎనిమిది వేల సంవత్సరాలు రాసుకోవచ్చును! ప్రపంచంలో మొదటి డిస్క్‌ను ఐ.బి.ఎం. వారు 1956లో తెచ్చారు. అది టన్నుకు పైగా బరువు, యాభై పళ్ళేలు, పట్టేది యాభై లక్షల అక్షరాలు. మన సంఘం నాలుగు నెలల లెక్కకే అది నిండిపోయేది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. కనుక పెద్ద సైజుకు పెట్టే డబ్బు వృథా. ఆ డబ్బుతో మంచి యు.పి.ఎస్. బ్యాటరీ కొనడం మేలు.

సైజు విషయంలో ఒక సంశయం తీర్చవలసి వుంది. ఒక టెరాబైటు అని కొన్న డిస్క్ కంప్యూటరు తెర మీద 931 జీబీ అని కనిపిస్తుంది. పాలలో నీళ్ళు కలిపినట్లు దుకాణదారు మోసం చేశాడని అనుకోనక్కరలేదు. తయారీదారు వెయ్యికి 1000 చొప్పున లెక్కిస్తాడు, కంప్యూటరు 1024 చొప్పున లెక్కిస్తుంది. అవే పాలు లీటర్లలో ఒక అంకె, కిలోలలో ఇంకొక అంకె చూపడంలాంటిదే ఇది.

కొనేటప్పుడు చూడవలసినవి వేరే వున్నాయి. బల్లమీది కంప్యూటరులో పట్టేది మూడున్నర అంగుళాల డిస్క్. దాని వెడల్పు 101.6 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 147 మిల్లీమీటర్లు. కంప్యూటరుతో కలిసే కేబుల్ రకం ‘సాటా’ అయి వుండాలి. 2003 ప్రాంతం నుంచి వచ్చిన కంప్యూటర్లలో క్రమంగా ఇదే స్థిరపడింది. ఎవరో దానం చేసిన మరీ పాత కంప్యూటరు అయితే లోపల నలభై రంధ్రాల వెడల్పాటి పట్టీ కేబుల్ వుంటుంది. దానికి కొత్త డిస్క్ నేరుగా తగలదు. డిస్క్ కోసం ఖర్చు పెట్టేముందు కంప్యూటరు మార్చే ఆలోచన చేయండి. ఇక 6 గిగాబిట్ల వేగం అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. అది కేబుల్ మోయగల వేగం. తిరిగే పళ్ళెం ఆ వేగాన్ని అందుకోలేదు, మన పనికి అంత వేగం అక్కర కూడా లేదు. 5400 చుట్లది చాలు. తక్కువ వేడెక్కుతుంది. పళ్ళేల డిస్క్‌లు తయారుచేసేవారు ఇప్పుడు ముగ్గురే మిగిలారు: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. వీటిలో ఏదైనా ఫరవాలేదు గాని, బిల్లు, వారంటీ, సీలు తీయని కవరు తప్పనిసరి. పాతవాటిని తుడిచి కొత్తవిగా అమ్మే చోట్లున్నాయి.

ఎస్.ఎస్.డి. అనే రకం గురించి కూడా సభ్యులు వినే వుంటారు. అందులో తిరిగే భాగమే లేదు, అంతా చిప్పులే. కుదుపుకు భయం లేదు, వేగం ఎక్కువ. అయితే చెడినప్పుడు ముందస్తు సూచన ఇవ్వకుండా చెడవచ్చు, అందులోనుంచి లెక్క వెనక్కు రాబట్టడం కష్టం. కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పెడితే లోపలి రాత చెరిగిపోయే అవకాశం వుంది. అందుచేత రోజువారీ ప్రోగ్రాం నడవడానికి చిన్న ఎస్.ఎస్.డి., నకలు దాచడానికి పళ్ళేల డిస్క్ వుండడం మంచిదని మా అభిప్రాయం.

నందిగామలోనో విజయవాడలోనో కొన్నాక దానిని తెచ్చే తీరు ముఖ్యం. ఆగి వున్న డిస్క్, తిరుగుతున్నదాని కంటే నాలుగైదు రెట్లు గట్టి దెబ్బకు ఓర్చుకుంటుంది. అలాగని బండి ట్యాంకు మీది సంచిలో స్పానర్లతోపాటు వేసుకురావద్దు. వెండిరంగు కవరు విప్పకుండా, తువ్వాలులో చుట్టి, ఒడిలో పెట్టుకుని రావాలి.

బిగించే పనికి సరైన వేళ ఉదయం పాలు పంపేశాక, సాయంత్రం పాలు మొదలుకాక ముందు. ఆ రోజు వరకు నడుస్తున్న బిల్లును కాగితం మీద అచ్చుతీసి పెట్టుకోవాలి. కార్యదర్శితోబాటు పాలకవర్గ సభ్యుడొకరు దగ్గర వుంటే మంచిది.

కంప్యూటరు ఆపి, ప్లగ్గు గోడ నుంచి ఊడదీయాలి. స్విచ్చి ఆపితే చాలదు. తర్వాత కంప్యూటరు బటన్ ఒకసారి నొక్కితే లోపల మిగిలిన కరెంటు పోతుంది. సి.పి.యు. పెట్టెను బల్ల మీద పడుకోబెట్టి పక్క రేకు స్క్రూలు విప్పండి. డిస్క్ ముట్టుకునే ముందు పెట్టె లోపలి ఇనుప రేకును చేత్తో తాకాలి. ఒంటి మీది స్థిర విద్యుత్తు దానిలోకి దిగిపోతుంది. పొడి వేసవిలో, నైలాన్ చొక్కాతో వున్నప్పుడు ఇది మరవకూడదు. డిస్క్‌ను అంచులతో పట్టుకోండి. అడుగున పచ్చటి బోర్డును వేళ్ళతో తాకరాదు.

పెట్టెలో మూడున్నర అంగుళాల అర ఖాళీగా వుంటుంది. డిస్క్‌ను అందులోకి జరిపి, ఇటు రెండు, అటు రెండు స్క్రూలు బిగించాలి. డిస్క్‌కు ముతక మరవున్న పొట్టి స్క్రూలు కావాలి. సి.డి. డ్రైవుకు వాడే సన్న మర స్క్రూలు పట్టవు, బలవంతం చేస్తే మర అరిగిపోతుంది. మరీ పొడుగు స్క్రూ లోపలికి పొడుచుకుపోవచ్చు. నాలుగూ సగం సగం బిగించి, తర్వాత గట్టి చేయండి. ఒకటి రెండు స్క్రూలతో సరిపెట్టడం చాలాచోట్ల చూస్తున్నాము. వదులుగా వున్న డిస్క్ తన తిరుగుడుకు తానే అదురుతుంది.

కేబుళ్ళు రెండు. ఏడు తీగల సన్నది లెక్క మోసేది, మదర్‌బోర్డు మీది ఖాళీ సాటా గూటినుంచి వస్తుంది. పదిహేను కొనల వెడల్పాటిది కరెంటు తెచ్చేది. రెండింటిలోనూ గాడి ఒక మూల వంపు తిరిగి వుంటుంది గనుక తిరగేసి పెట్టడానికి కుదరదు. కుదరకపోతే నొక్కవద్దు, తిప్పి చూడండి. డిస్క్ పైరేకు మీద చిన్న రంధ్రం, దానిని మూయవద్దన్న హెచ్చరిక చాలావాటికి వుంటాయి. లోపలి గాలి, బయటి గాలి ఒత్తిడి సమానంగా వుండడానికి దానిని వదిలారు. అంటుకాగితం మీద తేదీ రాసి దానిమీదనే అతికించడం పొరపాటు.

రేకు మూసి కంప్యూటరు వేయగానే కొత్త డిస్క్ కనిపించదు. విండోస్‌లో ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవాలి. అందులో పాతది డిస్క్ 0 అనీ, కొత్తది డిస్క్ 1 అనీ సాధారణంగా వుంటుంది, అంకెలు తారుమారు కావచ్చు కూడా. ఇక్కడ తొందరపడితే సంఘం మునుగుతుంది. కొత్తదాని పక్కన ‘నాట్ ఇనీషియలైజ్డ్’ అనీ, చోటంతా ఖాళీ అనీ చూపుతుంది. సైజు కూడా సరిచూసుకుని దానినే ఎంచుకోండి. ‘జి.పి.టి.’ పద్ధతి ఎంచి, కొత్త వాల్యూమ్ చేసి, ‘ఎన్.టి.ఎఫ్.ఎస్.’గా ఫార్మాట్ చేసి, ‘నకలు’ అని పేరు పెట్టాలి. పాత డిస్క్ మీద ఫార్మాట్ నొక్కితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు చదవగల వేరొక మనిషి పక్కన నిలబడి ప్రతి మెట్టు పైకి చదివితే మంచిది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం పాలు ముగిశాక లెక్క నకలు కొత్త డిస్క్ మీదికి వెళ్ళేట్లు ప్రోగ్రాం కుర్రవాడిచేత ఏర్పాటు చేయించండి. నెలకొకసారి ఆ నకలు తెరిచి, ఎవరో ఒక సభ్యుని పద్దు ఆయన పాస్‌బుక్కుతో సరిచూడాలి. తెరవని నకలును నమ్మడానికి లేదు. లెక్కలు యూనియన్ సర్వరుకు నేరుగా పోయే చోటకూడా, నెట్ లేని రోజున సంఘం చేతిలో వుండేది ఇదొక్కటే.

కరెంటు పోటు డిస్క్‌కు మొదటి శత్రువు. హఠాత్తుగా కరెంటు పోతే, ఇంకా తిరుగుతున్న పళ్ళెం ఊపునుంచే శక్తి తీసుకుని తల తన చోటికి చేరుకునే ఏర్పాటు డిస్క్‌లో వున్నది. తల దక్కుతుంది గాని, రాస్తున్న పద్దు సగంలో తెగుతుంది. ఒక్కొక్కసారి లెక్క పుస్తకం మొత్తం తెరుచుకోదు. యు.పి.ఎస్. పది నిమిషాలు నిలబడితే చాలు, కంప్యూటరును పద్ధతిగా ఆపవచ్చు. ఎర్తింగు సరిగా వుండాలి.

ఎండ సంగతి మనకు కొత్తకాదు. ఏటికి ఆవల రెంటచింతల, ఈవల నందిగామ వేసవి ఉష్ణోగ్రతల జాబితాలో పోటీపడుతూ వుంటాయి. గది 45 డిగ్రీలుంటే మూసిన పెట్టెలోపల ఇంకా పెరుగుతుంది. చాలా డిస్క్‌లకు తయారీదారులు చెప్పే హద్దు 60 డిగ్రీలు. పెట్టెను రేకుల కప్పు కింద, పడమటి గోడకు ఆనించి వుంచరాదు. దాణా బస్తాల దుమ్ము, పత్తి తీతల రోజుల్లో గాలిలో ఎగిరే నూగు ఫ్యాను రెక్కలకు పట్టి గాలి ఆడనివ్వవు. రెండు నెలలకొకసారి బ్రష్షుతో శుభ్రం చేయాలి. యాసిడ్ బల్ల, కంప్యూటరు బల్ల దూరంగా వుండాలి. ఆ ఆవిరి రాగి కొనలను తినేస్తుంది.

ఒకే పెట్టెలో రెండు డిస్క్‌లున్నా దొంగతనానికి, నీటికి రెండూ ఒకటే. 2024 సెప్టెంబరు మొదటి వారంలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారిని ముంచింది. ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2009 అక్టోబరులోనూ అంతటి వరదే. మున్నేరు, కృష్ణ కలిసే ఏటూరు వైపుగాని, గుడిమెట్ల వైపుగాని వున్న సంఘాలవారు ప్రతినెలా పెన్‌డ్రైవ్ మీద మూడవ నకలు తీసి, మెరకన వున్న ఇంకొక ఊళ్ళో పాలకవర్గ సభ్యుని ఇంట వుంచాలి. జూన్ నుంచి అక్టోబరు వరకు వారానికొకసారి తీయాలి. పెట్టెను నేలమీద పెట్టడం ఎటూ తగదు.

డిస్క్ పాడవబోయే ముందు కొన్ని గుర్తులిస్తుంది. టిక్కు టిక్కుమని చప్పుడు, బిల్లు తెరవడానికి నిమిషాలు పట్టడం, కంప్యూటరు వేయగానే ‘స్మార్ట్’ హెచ్చరిక రావడం. ఇవి కనిపిస్తే ఆ పూటే నకలు తీసి, డిస్క్ మార్చడానికి తీర్మానం రాయండి. చప్పుడు చేస్తున్న డిస్క్‌ను తట్టి చూడడం, మూత విప్పి చూడడం చేయరాదు. విప్పిన మరుక్షణం గదిలోని దుమ్మే దానిని ముగిస్తుంది.

తీసేసిన డిస్క్‌ను వెంటనే పారవేయవద్దు. పేరు, తేదీ రాసి, ఆ ఏటి ఆడిట్ పూర్తయి బోనస్ పంచేవరకు బీరువాలో వుంచాలి. ఆ తర్వాత పాత ఇనుము వాడికి అట్లాగే ఇవ్వకూడదు. అందులో సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు, ఆధార్ నంబర్లు వుంటాయి. డ్రిల్లింగు మిషనుతో పళ్ళేల గుండా రెండు మూడు రంధ్రాలు పొడిపించి, ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో నమోదు చేయించండి.