ముప్పై ఓడలు, రెండు ఓడలు: నాగసాకి పళ్లెంలో ఎవరి వాటా ఎంత?

నాగసాకి వెళ్లినవాళ్లకు ముందుగా చూపించేది దెజిమా. రేవులో మట్టి పోసి, విసనకర్ర ఆకారంలో 1636 నాటికి కట్టిన దీవి ఇది. తర్వాతి కాలంలో చుట్టూ సముద్రాన్ని పూడ్చేయడంతో ఇప్పుడు ఊరి నడిమధ్యకు వచ్చేసింది. మొత్తం కలిపినా నాలుగెకరాలు దాటదు. 1641లో డచ్చి వర్తకుల్ని ఇందులోకి తరలించారు. 1859లో రేవు అందరికీ తెరిచారు. మధ్యలో 218 ఏళ్లు. దాదాపు ఆ కాలమంతా యూరప్‌తో జపాన్ చేసిన వర్తకం ఈ నాలుగెకరాల్లోంచే నడిచింది. ఓడలు లేని రోజుల్లో అక్కడ ఉండే డచ్చివారు పదిహేనుమందికి అటూ ఇటూ. ఉన్నందుకు ఏటా కట్టిన అద్దె 55 కన్‌ల వెండి. కన్ అంటే 3.75 కిలోలు కాబట్టి సుమారు 206 కిలోలన్నమాట. పదిహేనుమంది కాపురానికి అంత అద్దె ఏ యజమానికి చేదు?

ఈ కథ విన్నాక ఊళ్లోకి తిండికి బయల్దేరితే ఒక అభిప్రాయం ముందే స్థిరపడి ఉంటుంది: ఇక్కడి రుచులన్నీ తెల్లవాళ్ల ఓడల్లో దిగాయని. కాస్తెల్లా కేకు పోర్చుగీసువాళ్లది, తెంపురా పోర్చుగీసువాళ్లది, కాఫీ డచ్చివాళ్లది. ఇదేమీ అబద్ధం కాదు. కానీ రేవు లెక్కలు తీస్తే కొలత మారిపోతుంది.

1688లో నాగసాకికి వచ్చిన చైనా ఓడలు 190కి పైనే. ఆ తాకిడికి బెదిరిన ప్రభుత్వం మరుసటి ఏడాదికల్లా రెండు పనులు చేసింది. ఏటా 70 ఓడలకు మించి రాకూడదని హద్దు పెట్టింది. ఊళ్లో ఇష్టమొచ్చినచోట ఉంటున్న చైనా వర్తకుల్ని గోడ కట్టిన ఒక పేటలోకి చేర్చింది. ఆ పేట దెజిమాకు రెట్టింపు పైనే ఉంటుంది. రెండు వేలమంది దాకా పట్టేవారు. 1715లో ఇంకా బిగించారు. చైనాకు ఏటా 30 ఓడలు, డచ్చివారికి 2. ఓడల సంఖ్యలో చూస్తే పదిహేనుకు ఒకటి. అయితే డచ్చి ఓడలు పెద్దవి, సరుకు ఖరీదైనది. అందుకే అదే ఉత్తర్వులో వర్తకం విలువకు పెట్టిన హద్దులు చైనాకు 6,000 కన్‌ల వెండి, డచ్చివారికి 3,000 కన్‌ల వెండి. అంటే రెండుకు ఒకటి. ఏ లెక్కన చూసినా పెద్ద వాటా చైనాదే. ఈ ఊరి భోజనం అర్థం కావాలంటే ఈ రెండు నిష్పత్తులూ గుర్తుంటే చాలు.

ముందు చాంపొన్. నాగసాకి పేరు చెబితే జపాన్ వాళ్లకు నోట్లో నీళ్లూరేది దీనికే. చైనాలోని ఫుజియన్ నుంచి 1892లో, పందొమ్మిదేళ్ల వయసులో వచ్చిన చెన్ పింగ్‌షున్, 1899లో షికైరో అనే భోజనశాల తెరిచాడు. విదేశీయులు తమకు కేటాయించిన పేటల్లోనే ఉండాలన్న పాత కట్టుబాటు జపాన్‌లో రద్దయింది కూడా ఆ ఏడాదే. చదువుకోవడానికి వచ్చిన చైనా కుర్రాళ్లకు చవగ్గా, కడుపు నిండేలా ఏదైనా పెట్టాలని తమ ఊరి నూడుల్స్ వంటకాన్ని నాగసాకి చేపలతో, కూరగాయలతో కలిపి చేశాడు. షికైరో ఇప్పటికీ ఉంది, ఆ కుటుంబం చేతిలోనే.

వండే తీరులోనే దీని గుట్టంతా ఉంది. రామెన్‌కైతే నూడుల్స్ వేరే నీళ్లలో ఉడికించి తర్వాత రసంలో వేస్తారు. చాంపొన్‌కు ఒక్కటే బాణలి. పంది కొవ్వులో మాంసం ముక్కలు, రొయ్యలు, స్క్విడ్, క్యాబేజీ, మొలకలు పెద్ద మంట మీద వేయిస్తారు. పంది ఎముకలు, కోడి ఎముకలు కలిపి కాచిన రసం పోస్తారు. లావుపాటి నూడుల్స్‌ను అందులోనే ఉడకనిస్తారు. నూడుల్స్ రసాన్ని పీల్చుకుంటాయి, పిండి కలిసి రసం చిక్కబడుతుంది. గిన్నె ఖరీదు వెయ్యి యెన్‌లకు కాస్త అటూ ఇటూ. యెన్‌లో సగం కంటే కొంచెం ఎక్కువ వేసుకుంటే రూపాయలొస్తాయి. ఆ డబ్బుకు వచ్చే గిన్నె మాత్రం పెద్దది. ఒక పూటలో నాలుగు రకాలు రుచి చూద్దామనుకునేవాళ్లు దీన్ని ఇద్దరు పంచుకోవడం తెలివైన పని. లేకపోతే మిగతా మూడూ మర్నాటికే.

మనవాళ్లకు ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పంది మాంసం తినని వాళ్లు ముక్కలు తీసేసి ఇమ్మంటే సరిపోదు. రసం ఎముకలది, వేపుడు కొవ్వుది. పైన కొండలా కనిపించే కూరగాయలు చూసి శాకాహారమనుకుంటే అంతకంటే పెద్ద పొరపాటు. దీని చెల్లెలు సరా ఉదోన్‌దీ అదే కథ: కరకరలాడే సన్నటి నూడుల్స్ మీద చిక్కటి గ్రేవీ పోసిస్తారు, గ్రేవీలో అవే దినుసులు. దాని మీద స్థానికులు నల్లటి పుల్లని సాస్ చల్లుకుంటారు. నా మటుకు నాకు చాంపొన్ కన్నా ఇదే నచ్చుతుంది. గ్రేవీ తగిలి మెత్తబడిన నూడుల్స్, ఇంకా తగలనివి ఒకే ముద్దలో వస్తాయి.

ఇక పంచదార. నాగసాకి వంటల్లో తీపి పాలు జాస్తి, కూరలోనూ పడుతుంది. దీనికి కారణం ఓడల అడుగు భాగం. బట్టలు, మందులు తేలిక. ఓడ నిలకడగా ఉండాలంటే అడుగున బరువు కావాలి. డచ్చివారు ఆ బరువు కోసం జావా, తైవాన్‌ల పంచదార వేసుకొచ్చేవారు. చైనా ఓడలూ తెచ్చేవి. జపాన్‌లో పంచదార పెద్దగా తయారుకాని రోజులవి. దిగుమతి సరుకు ముందు ఈ రేవులో దిగి, తర్వాతే దేశమంతా వెళ్లేది. కూరలో తీపి తగ్గితే “నాగసాకి దూరమైనట్టుంది” అని ఎకసెక్కమాడేవారట. రేవు నుంచి కొకురా వరకు వెళ్లే రహదారి 57 రి, అంటే సుమారు 228 కిలోమీటర్లు. మధ్యలో 25 మజిలీలు. ఇప్పుడు దాన్ని ‘షుగర్ రోడ్’ అంటున్నారు. 2020లో ‘జపాన్ వారసత్వం’ జాబితాలో చేర్చారు. ఆ దారి పొడవునా ప్రతి ఊరికీ ఒక మిఠాయి ఉంది. మొరినాగా, గ్లికో కంపెనీల పేర్లు మీరు వినే ఉంటారు. ఆ రెంటి స్థాపకులూ దారిలో ఉన్న సాగా ప్రాంతంవాళ్లే. (1728లో వియత్నాం నుంచి దిగిన ఏనుగు ఒకటి ఈ దారి పట్టే ఇప్పటి టోక్యో అయిన ఎదో నగరానికి నడిచింది. మిఠాయిలు దానికీ పెట్టారో లేదో గానీ, జనం మాత్రం విరగబడి చూశారు.)

డచ్చి ఓడలు తిరుగు ప్రయాణంలో తీసుకెళ్లినవాటిలో ముఖ్యమైనది జపాన్ రాగి. అందులో కొంత కోరమాండల్ తీరానికి వచ్చేది. ఆ ఓడలు నడిపిన డచ్చి కంపెనీకి మచిలీపట్నంలో, పులికాట్‌లో స్థావరాలుండేవి మరి. మన తీరంలో అద్దిన పూల బట్టలు జపాన్ చేరి అక్కడ ‘సరసా’గా పేరు పడ్డాయి. దెజిమా గోదాముల్లో మనవాళ్ల చేతిపని కూడా పంచదార బస్తాల పక్కనే ఉండేదన్నమాట.

కాస్తెల్లా దగ్గరికి వస్తే లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. 1571లో ఈ రేవు పోర్చుగీసువాళ్లకు తెరుచుకుంది. 1639లో వాళ్లను వెళ్లగొట్టారు. ఉన్నది 68 ఏళ్లు. ఈలోపు 1624లోనే ఫుకుసాయా అనే దుకాణం మొదలైంది. నేర్పినవాళ్లు వెళ్లిపోయినా కేకు మిగిలింది, ఆ దుకాణం 400 ఏళ్లు దాటి నడుస్తోంది. 1681లో షోకెన్, 1900లో బున్మెయిదో వచ్చాయి. ఈ మూడింటిలో ఏది గొప్పదని అడిగితే ఊళ్లో వాదన తెగదు; చిన్న పెట్టెలు మూడూ కొనుక్కుని తేల్చుకోవడమే.

సంప్రదాయ కాస్తెల్లాలో వెన్న లేదు, నూనె లేదు, పాలు లేవు, బేకింగ్ పౌడర్ లేదు. గుడ్లు, పంచదార, గోధుమ పిండి, పిండి పదార్థంతో చేసిన పాకం. అంతే. గుడ్ల నురగే కేకును పొంగిస్తుంది. అడుగున కరగని పెద్ద పంచదార పలుకులు పంటికి తగలాలి. అది ఉంటేనే నాగసాకిది. పాకం కలపడం మెయిజీ కాలంలో వచ్చిన అలవాటు. ఇప్పుడు మనం మెచ్చుకునే ఆ తేమ దాని చలవే. ‘గోసన్’ అని రాసి ఉన్న పెట్టె కనిపిస్తే ధర ఎక్కువుంటుంది. ఐదు, మూడు అని దాని అర్థం: ఐదు పాళ్లు పచ్చసొన, మూడు పాళ్లు తెల్లసొన. తెల్లసొన తగ్గితే నురగ తగ్గుతుంది, పొంగించడం కష్టమవుతుంది. ఆ కష్టానికే అదనపు డబ్బు. రుచి గాఢంగా ఉంటుంది, కానీ తొలిసారి తినేవాళ్లు మామూలుదే ముందు కొనడం మంచిది. తేడా అప్పుడే తెలుస్తుంది. గుడ్డు తినే శాకాహారులకు ఈ ఊళ్లో అందరికంటే నమ్మకమైన తోడు ఇదే. అలాగే మిల్క్‌షేక్. నాగసాకిలో దీన్ని తాగరు, చెంచాతో తింటారు: తురిమిన మంచు, పాలు, పంచదార, పచ్చి గుడ్డు. 1925లో మొదలైన త్సురుచాన్ అనే కాఫీ హోటల్ దీనికి పేరు. పచ్చి గుడ్డంటే బెరుకున్నవాళ్లు ముందే తెలుసుకోవాలి.

అదే హోటల్లో దొరికే ఇంకో వింత ‘తొరుకో రైస్’. పేరుకు టర్కీ అన్నం. ఒకే పళ్లెంలో పులావు, స్పఘెట్టి, పైన వేయించిన పంది మాంసం. టర్కీలో ముస్లింలే ఎక్కువ! పేరెలా వచ్చిందో ఎవరికి తోచిన కథ వాళ్లు చెబుతారు.

ఈ అన్నింటినీ ఒకే బల్ల మీద చూడాలంటే షిప్పొకు భోజనం. జపాన్‌లో పూర్వం ఎవరి పీట వారిదే, అంతస్తును బట్టి వరస. షిప్పొకులో చైనావారి గుండ్రటి బల్ల, మధ్యలో పెద్ద పళ్లేలు, అందరూ అందులోంచే వడ్డించుకోవాలి. పచ్చి చేప ముక్కలు జపాన్ నుంచి, నిదానంగా ఉడికిన పంది మాంసం చైనా నుంచి, వేపుళ్లు పోర్చుగల్ నుంచి. మొదట చేప రెక్క వేసిన చారు తాగమని ఇంటావిడ చెప్పేదాకా ఎవరూ గ్లాసులు ఎత్తరు. 1642లో మొదలైన కగెత్సు వంటి చోట మనిషికి పది వేల యెన్‌లు దాటుతుందని సిద్ధపడాలి, ముందుగా చెప్పి ఉంచాలి, ఒక్కరే వెళితే సాధారణంగా కుదరదు. మధ్యాహ్నం పూట తక్కువ ఖర్చులో దొరుకుతుంది. అంత వద్దనుకుంటే చైనా పేట షించిలో కకునీ మంజు కొనుక్కోవచ్చు: అదే పంది మాంసం, తెల్లటి మెత్తటి బన్నులో, నడుస్తూ తినేయవచ్చు. చైనా నూతన సంవత్సరం రోజుల్లో వెళితే 15,000 లాంతర్ల కింద తింటారు, వరసలో నిలబడటానికీ సిద్ధపడాలి.

పంది, చేప రెండూ వద్దంటే మే నెలాఖరు నుంచి జూన్ దాకా లొకాట్ పళ్లున్నాయి. ఈ పండు జపాన్‌లో ఎక్కువ పండేది ఈ ప్రాంతంలోనే.

బిల్లు గురించి ఒక మాట. 2019 అక్టోబర్ 1 నుంచి జపాన్‌లో తిండి మీద పన్ను రెండు రకాలు. అక్కడే కూర్చుని తింటే 10 శాతం, పొట్లం కట్టించుకుంటే 8 శాతం. కాస్తెల్లా దుకాణంలో ముక్క తీసుకుని కుర్చీలో కూర్చుంటారా, పెట్టె పట్టుకుని బయటికి నడుస్తారా అని అడిగేది అందుకే. రేవు గట్టు దూరమేమీ కాదు, పెట్టె పట్టుకునే నడవండి.