మాల తీసిన మర్నాడు

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లను మనం ఏటా చూస్తూనే ఉంటాం. నలభై ఒక్క రోజులు తెల్లవారుజామునే చన్నీటి స్నానం, నేల మీద పడక, చెప్పుల్లేని నడక. సిగరెట్టు మానలేక ఏళ్లుగా తంటాలు పడే మనిషి కూడా ఆ రోజుల్లో దాని జోలికి పోడు. అంత నిగ్రహం ఎక్కణ్నుంచి వచ్చింది? మాల తీసిన మర్నాడు కొందరు మళ్లీ అగ్గిపెట్టె ఎందుకు వెతుక్కుంటారు?

పర్యావరణం కోసం మనకు మనం పెట్టుకునే ‘చాలెంజ్’లు అర్థం కావాలంటే ఈ రెండు ప్రశ్నలే దారి. అవీ ఒకరకం దీక్షలే. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2011లో కొద్దిమందితో మొదలైన ‘ప్లాస్టిక్ ఫ్రీ జులై’ ఇప్పుడు చాలా దేశాలకు పాకింది. మన దగ్గర 2022 అక్టోబరులో గుజరాత్‌లోని ఏక్తానగర్‌లో కేంద్రం ‘మిషన్ లైఫ్’ను ప్రారంభించింది. మామూలు మనిషి ఇంట్లో, వీధిలో చేయదగ్గ పనులు అందులో 75 ఉన్నాయి. జాబితా మంచిదే. చిక్కంతా ఆ అంకెతోనే. 75 పనులు చదివినవాళ్లు తలూపి పేజీ తిప్పేస్తారు. ఒక్కటి పట్టుకున్నవాళ్లు ఎంతో కొంత చేస్తారు.

మరి ఏది పట్టుకోవాలి? ముందు పనులను రెండు రకాలుగా విడదీసుకుందాం.

కొన్ని ఒక్కసారి చేసి మరిచిపోవచ్చు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాను (అయస్కాంతాలు, ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో తిరిగే పొదుపు మోటారు ఉన్నది) 30 వాట్లకు అటూ ఇటూగా సరిపెట్టుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు అర యూనిట్ మిగిలినట్టే. స్టార్ రేటింగ్ ఉన్న ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని ప్రభుత్వ లెక్క. ఇలాంటి వాటికి దీక్ష అక్కర్లేదు. మన బదులు యంత్రమే గుర్తుంచుకుంటుంది.

రెండో రకం రోజూ చేయాల్సినవి. గుడ్డ సంచి అలాంటిదే. దీని గురించి ఓ మాట. పత్తి పండించడానికీ నేయడానికీ చాలా నీళ్లు, కరెంటు ఖర్చవుతాయి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్క ప్రకారం, పల్చటి ప్లాస్టిక్ సంచి ఒక్కసారి వాడితే భూమి వేడెక్కడానికి ఎంత కారణమవుతుందో, అంతకు మించకూడదంటే ఒక గుడ్డ సంచిని 131 సార్లు వాడాలి. ఇది వేడి లెక్క మాత్రమే. కాలువల్లో అడ్డుపడే, ఆవుల కడుపులో చేరే ప్లాస్టిక్ లెక్క వేరు. అయినా పెళ్లిళ్లలో పంచిన సంచులు బీరువాలో పాతిక పోగుపడి, కొట్టుకు మాత్రం చేతులూపుకుంటూ వెళ్తే లాభం లేదు.

నన్నడిగితే మొదటి దీక్ష తడి చెత్త మీద పట్టాలి. మన ఇళ్లలో రోజూ బయటపడే చెత్తలో సుమారు సగం అదే. కూరగాయల తొక్కలు, టీపొడి, మిగిలిన అన్నం. ఇవి పొడి చెత్తతో కలిస్తే రెండు నష్టాలు జరుగుతాయి. తడిసిన కాగితం, అట్టపెట్టె పాత సామాన్ల బండికి పనికిరావు. ఇక రెండోది కంటికి కనిపించదు. చెత్త బండి నుంచి డంపింగ్ యార్డుకు చేరిన తొక్కల మీద మరో వంద లారీల చెత్త పడుతుంది. లోపలికి గాలి ఆడదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు ఆ తొక్కలను కుళ్లబెట్టి మీథేన్ (మండే గుణమున్న, రంగూ వాసనా లేని వాయువు) పుట్టిస్తాయి. ఇరవై ఏళ్ల కాలానికి చూస్తే, వేడిని పట్టి ఉంచడంలో ఇది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 80 రెట్లు బలమైనది.

అవే తొక్కలు గాలి ఆడే బకెట్లో ఉంటే వేరే సూక్ష్మజీవులు పనిలోకి దిగుతాయి. మీథేన్ బదులు ఎరువు వస్తుంది. బకెట్‌కు చుట్టూ, అడుగున బెజ్జాలు పెట్టాలి. గుప్పెడు తొక్కలకు గుప్పెడున్నర ఎండుటాకులో కొబ్బరిపీచో వేయాలి. పుల్లమజ్జిగ కాస్త చల్లితే పని త్వరగా అందుకుంటుంది. మూడు నాలుగు రోజులకోసారి కలియబెట్టాలి. కంపు కొడితే తడి ఎక్కువై, గాలి ఆడడం లేదన్నమాట. ఎండుటాకులు మరికొన్ని వేస్తే సర్దుకుంటుంది. రెండు నెలల్లో మట్టి వాసన వచ్చే నల్లటి పొడి చేతికొస్తుంది. నూనె కూరలు, మాంసం ముక్కలు మొదట్లో వద్దు.

ఇక మొదటి ప్రశ్నలకొద్దాం. మాలకు ఒక సుగుణం ఉంది. అది మెడలో కనిపిస్తూ ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు ‘స్వామీ’ అని పిలుస్తూ గుర్తుచేస్తుంటారు. తీశాక ఆ సంకేతం (పనిని తనంత తానే గుర్తుచేసే సందర్భం) మాయమవుతుంది. పాత సంకేతాలు, అంటే టీ కొట్టు, ఆఫీసు మెట్లు, అక్కడే ఉంటాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 84 రోజులు గమనించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ప్రతి ఒక్కరూ ఒకే చిన్న పనిని ఎంచుకుని, రోజూ జరిగే ఏదో ఒక సందర్భానికి, ‘టిఫిన్ తర్వాత’ లాంటి దానికి, ముడిపెట్టుకున్నారు. ఆలోచించకుండా ఆ పని జరిగిపోయే దశ రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే. కొందరికి 254 రోజులు పడుతుందని అంచనా. అందరూ చెప్పే 21 రోజుల సూత్రం అక్కడ నిలవలేదు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం కనిపించలేదు.

దీన్ని బట్టి చూస్తే ‘ఈ నెల చెత్త వేరుచేస్తాను’ అనే మాట బలహీనమైనది. ‘కూరగాయలు తరగ్గానే, కత్తిపీట కడగకముందే తొక్కలు బకెట్లో వేస్తాను’ అనేది గట్టిది. కూర తరగడం రోజూ ఉంటుంది, నెల ముగిసినా ఉంటుంది. బకెట్ కూడా కంటి ముందే ఉండాలి. బాల్కనీ మూలన తలుపు వెనక పెడితే, మాల తీసి పెట్టెలో దాచినట్టే. వంట మీరు చేయకపోతే చేసేవాళ్లతో ముందే మాట్లాడుకోండి. ఇంట్లో ఒకరి దీక్ష మరొకరి చాకిరీ కాకూడదు.

ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఒక గోనె సంచెడు ఎండుటాకులు వేసవిలోనే పోగుచేసి పెట్టుకోండి. వానలు పడ్డాక అవి పొడిగా దొరకవు.