నురగ ఎక్కువొస్తే మంచి సబ్బేనా? కొనే ముందు కవర్ వెనక ఏం చూడాలి?

సూపర్ మార్కెట్ అరలో రెండు సబ్బులు పక్కపక్కనే ఉంటాయి. రంగు, వాసన, ధర దాదాపు ఒకటే. కానీ ఒకదాని కవర్‌పై చిన్న అక్షరాల్లో ‘టాయిలెట్ సోప్’ అని, మరోదానిపై ‘బేతింగ్ బార్’ అని ఉంటుంది. మనం రెండింటినీ సబ్బు అనే అంటాం. భారతీయ ప్రమాణాల ప్రకారం మాత్రం ఇవి వేర్వేరు ఉత్పత్తులు.

ఆ తేడా ఏంటి? ‘సల్ఫేట్ ఫ్రీ’ షాంపూలకు ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థముందా? వీటి నాణ్యత ఎవరు చూస్తారు?

నురగ ఎలా వస్తుంది?

ఒంటికి, జుట్టుకు పట్టిన మురికిలో జిడ్డు ఉంటుంది. నీళ్లు, జిడ్డు కలవవు. ఆ రెండింటినీ కలిపే పదార్థాలే సర్ఫాక్టెంట్లు. వీటి అణువులో ఒక కొస నీటిని, రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది. ఇలాంటి అణువులు జిడ్డు చుట్టూ గుంపుగా చేరి దాన్ని చర్మం నుంచి విడదీస్తాయి. నీళ్లు పోయగానే అంతా కొట్టుకుపోతుంది. కుంకుడుకాయలో ఉండే సపోనిన్లు చేసే పని కూడా ఇదే.

ఈ అణువులే గాలి బుడగల చుట్టూ చేరితే నురగ వస్తుంది. అంటే, నురగను బట్టి ఎంత శుభ్రమైందో చెప్పలేం. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ల కోసం తక్కువ నురగ వచ్చే డిటర్జెంట్లను ప్రత్యేకంగా తయారు చేస్తారు. బట్టలు మాత్రం శుభ్రంగానే వస్తాయి.

టీఎఫ్ఎం అంటే?

సబ్బు కవర్‌పై ‘టీఎఫ్ఎం’ పక్కన ఒక శాతం కనిపిస్తుంది. టోటల్ ఫ్యాటీ మ్యాటర్ అనే మాటకు ఇది పొట్టి రూపం. సబ్బులో నూనెలు, కొవ్వుల నుంచి వచ్చిన పదార్థం ఎంతుందో ఇది చెబుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) టాయిలెట్ సబ్బులను మూడు గ్రేడ్లుగా విభజించింది.

- గ్రేడ్ 1: కనీసం 76 శాతం
- గ్రేడ్ 2: కనీసం 70 శాతం
- గ్రేడ్ 3: కనీసం 60 శాతం

బేతింగ్ బార్‌కు వేరే ప్రమాణం ఉంది. అందులో కనీసం 40 శాతం ఉంటే చాలు.

అలాగని బేతింగ్ బార్లన్నీ నాసిరకం అనుకోకూడదు. సాధారణ సబ్బుకు క్షార గుణం ఉంటుంది. దాని పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉంటుంది. ఆరోగ్యకరమైన చర్మం మాత్రం కాస్త ఆమ్ల గుణంతో, 5కు అటూఇటూగా ఉంటుంది. సోడియం కోకాయిల్ ఐసెథయోనేట్ వంటి సున్నితమైన సర్ఫాక్టెంట్లతో చేసే బార్ల పీహెచ్‌ను చర్మానికి దగ్గరగా ఉంచొచ్చు. ఇలాంటివి పొడి చర్మం ఉన్నవారికి సబ్బు కంటే నయం కావొచ్చు. కాబట్టి టీఎఫ్ఎంతో సబ్బును సబ్బుతోనే పోల్చాలి. బేతింగ్ బార్ అయితే అందులో ఏ సర్ఫాక్టెంట్ వాడారో చూడాలి.

బోరు నీళ్లతో సమస్య ఏంటి?

హైదరాబాద్‌లో చాలా అపార్టుమెంట్లు బోరు నీళ్ల మీదే ఆధారపడతాయి. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే నీటిలో కరగని తెల్లటి మడ్డి తయారవుతుంది. బకెట్‌కు, టైల్స్‌కు పట్టేది అదే. కొంత చర్మం మీదా మిగిలిపోతుంది. నురగ రావడం లేదని మరింత సబ్బు రుద్దితే చర్మం ఇంకా పొడిబారుతుంది. షాంపూలు, బాడీ వాష్‌లలో వాడే చాలా సింథటిక్ సర్ఫాక్టెంట్లతో ఈ మడ్డి సమస్య తక్కువ.

‘సల్ఫేట్ ఫ్రీ’ అంటే పూర్తిగా సురక్షితమా?

షాంపూల్లో దశాబ్దాలుగా వాడుతున్నవి సోడియం లారిల్ సల్ఫేట్ (ఎస్ఎల్ఎస్), సోడియం లారెత్ సల్ఫేట్ (ఎస్ఎల్ఈఎస్). మొదటిది చర్మాన్ని ఇబ్బంది పెట్టగలదు. చర్మ పరిశోధనల్లో మంట, ఎరుపు కలిగించి పరీక్షించడానికి వాడేది కూడా దీన్నే. రెండోది అంతకంటే సున్నితం. అయితే దాని తయారీలో 1,4-డయాక్సేన్ అనే అవాంఛిత పదార్థం స్వల్పంగా ఏర్పడుతుంది. దీన్ని క్యాన్సర్ కారకమయ్యే అవకాశం ఉన్న వాటి జాబితాలో ఐఏఆర్‌సీ చేర్చింది. ఫ్యాక్టరీలోనే వ్యాక్యూమ్ పద్ధతిలో దీన్ని చాలావరకు తొలగించొచ్చు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం కాస్మెటిక్స్‌లో దీనికి 10 పీపీఎం పరిమితి పెట్టింది.

వీటికి ప్రత్యామ్నాయంగా కొబ్బరి వంటి నూనెలు, మొక్కజొన్న చక్కెరలతో తయారయ్యే గ్లూకోసైడ్లు వచ్చాయి. సూక్ష్మజీవులతో పులియబెట్టి తీసే రామ్నోలిపిడ్లు, సోఫోరోలిపిడ్లు ఇంకా కొత్తవి. ఇవి ప్రకృతిలో తేలిగ్గా కరిగిపోతాయి.

కానీ మొక్కల నుంచి వచ్చినంత మాత్రాన అందరికీ పడతాయని లేదు. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2017లో ‘ఏడాది అలర్జీ కారకం’గా ఎంచుకున్నది ఆల్కైల్ గ్లూకోసైడ్లనే. ఎస్ఎల్ఎస్ కూడా, కడిగేసే షాంపూలో ఇతర సర్ఫాక్టెంట్లతో కలిపి వాడితే అంత తీవ్రంగా పనిచేయదు. ఒక్క పేరు చూసి మంచిదనో చెడ్డదనో తేల్చలేం.

నాణ్యత ఎవరి బాధ్యత?

మన దేశంలో వీటికి 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ రూల్స్ వర్తిస్తాయి. తయారీ లైసెన్సును రాష్ట్ర ప్రభుత్వ అధికారులు ఇస్తారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఆ పని డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌ది. విదేశాల నుంచి వచ్చేవాటికి కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ వద్ద రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడకూడదు. తెలియకుండా కలిసే పాదరసం కూడా కళ్ల దగ్గర వాడే ఉత్పత్తుల్లో 70 పీపీఎం, మిగతావాటిలో 1 పీపీఎం దాటకూడదు.

కొనే ముందు ఇవి చూడండి

- తయారీదారు పేరు, పూర్తి చిరునామా, తయారీ లైసెన్స్ నంబర్. విదేశీ సరుకైతే రిజిస్ట్రేషన్ నంబర్, దిగుమతిదారు చిరునామా.
- బ్యాచ్ నంబర్, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ.
- పదార్థాల జాబితా. ఒక శాతం కంటే ఎక్కువ ఉన్నవాటిని పరిమాణాన్ని బట్టి పెద్ద నుంచి చిన్నకు రాయాలి. నీళ్ల తర్వాత మొదట కనిపించే సర్ఫాక్టెంట్ పేరే సాధారణంగా ప్రధానమైనది. చిన్న ప్యాక్‌లకు మినహాయింపు ఉంది కాబట్టి సాషేలపై ఈ జాబితా లేకపోవచ్చు.

‘హెర్బల్’, ‘నేచురల్’ అని ముందువైపు పెద్దగా రాసి, వెనక లైసెన్స్ నంబర్ లేకపోతే ఆ ఉత్పత్తిని పక్కన పెట్టేయడమే మంచిది.

వాడాక దురద, దద్దుర్లు వస్తే?

వెంటనే వాడటం ఆపి, చర్మ వైద్యుడిని కలవండి. వెళ్లేటప్పుడు ఆ ప్యాక్ కూడా తీసుకెళ్తే ఏ పదార్థం పడలేదో గుర్తించడం వైద్యుడికి తేలికవుతుంది. కవర్, బిల్లు పారేయొద్దు. బ్యాచ్ నంబర్ లేకపోతే అధికారులు సరుకు ఎక్కడిదో తేల్చడం కష్టం. మీ జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ కార్యాలయంలో గానీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు చేయొచ్చు.