ద్వీపయాత్రలో బస నిర్ణయం

దూరయాత్రకు బయలుదేరేవారు ప్రయాణసాధనాల విషయంలో చూపే శ్రద్ధను బస విషయంలో చూపరు. మైదాన ప్రాంతపు నగరాలలో ఈ అశ్రద్ధ వలన కలిగే నష్టం స్వల్పమే. ఒక వసతిగృహం నచ్చకపోతే పక్కవీధిలో మరొకటి దొరుకుతుంది. ద్వీపాలలో అట్లా కాదు. అక్కడ ఒక బసకూ మరొక బసకూ నడుమ సముద్రమే ఉండవచ్చును. ఏళ్ళ తరబడి కూడబెట్టిన ధనంతో, వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వెళ్ళే కుటుంబానికి ఒక్కరోజు వృథా అయినా అది చిన్న నష్టం కాదు. బంగాళాఖాతంలోని అండమాన్ దీవులను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

ఈ దీవులు మనకు పరాయివి కావు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ ప్రజలలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. 1857లో హైదరాబాదు రెసిడెన్సీపై తిరుగుబాటు దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లాఉద్దీన్ ప్రవాస శిక్ష అనుభవించినది ఇక్కడనే.

విమానంలో వచ్చినా, ఓడలో వచ్చినా యాత్రికుడు సాధారణంగా మొదట చేరేది పోర్ట్‌బ్లెయిర్. 2024లో దీనికి శ్రీవిజయపురమని పేరు మార్చారు. ఇక్కడ అబర్డీన్ బజారు పరిసరాలలో బస చేయడం మేలు. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు, ఇతర దీవులకు పడవలు బయలుదేరే ఫీనిక్స్ బే రేవు, రెండూ సమీపంలోనే ఉన్నాయి. రాకకు మొదటి రాత్రి, తిరుగు ప్రయాణానికి ముందటి రాత్రి ఈ పట్టణంలోనే గడపడం వివేకం. కారణం సుస్పష్టం. సముద్రం కల్లోలితమైతే పడవలు ఆగిపోతాయి, విమానం మాత్రం మన కోసం ఆగదు. 2016 డిసెంబరులో, తరువాత వర్దా తుపానుగా పరిణమించిన వాయుగుండం కారణంగా వందలాది యాత్రికులు హావ్‌లాక్, నీల్ దీవులలో చిక్కుకొనిపోగా, నౌకాదళం వారిని తరలించవలసి వచ్చింది.

యాత్రికులు అధికంగా కోరుకునేది హావ్‌లాక్ దీవి. 2018 నుండి దీని పేరు స్వరాజ్ ద్వీప్. ఇక్కడి వసతిగృహాలలో అధికభాగం తూర్పుతీరాన, గోవిందనగర్, విజయనగర్ ప్రాంతాలలో ఉన్నాయి. ప్రసిద్ధమైన రాధానగర్ ఇసుకతీరం పడమట ఉన్నది. తూర్పున బస చేసినవారికి సూర్యోదయ దర్శనం సులభం, రేవూ దగ్గర. అయితే ఆటు సమయంలో నీరు చాలాదూరం వెనుకకు పోయి పగడపు రాళ్ళు బయటపడతాయి. అప్పుడు స్నానానికి వీలుండదు. అమావాస్యకు, పున్నమికి ఈ ఆటుపోట్లు మరింత అధికం. కనుక గదిముందు నీలిసముద్రం కనిపించే చిత్రం చూచి మోసపోరాదు; అది పోటు వేళ తీసినదై ఉండవచ్చును. పడమట ఇసుక మెత్తన, సూర్యాస్తమయం మనోహరం; కాని వసతులు తక్కువ, రేవు దూరం. పైగా ఈ దీవులు హైదరాబాదుకు ఎంతో తూర్పున ఉండడం వలన డిసెంబరులో సాయంకాలం ఐదు గంటలకే సూర్యుడు క్రుంకుతాడు. తూర్పున బస చేసి అస్తమయం చూడగోరేవారు తిరుగు వాహనాన్ని ముందే మాట్లాడుకోవాలి.

నీల్ దీవి, అనగా నేటి షహీద్ ద్వీప్, చాలా చిన్నది. ఇక్కడ ఏ మూల బస చేసినా సైకిలుపై దీవియంతా తిరిగి రావచ్చును. వృద్ధులకూ, ప్రశాంతత కోరేవారికీ ఇది అనుకూలం.

బస నిర్ణయించే ముందు విచారించవలసినవి మరి రెండు ఉన్నాయి. ఒకటి మంచినీరు. ఇక్కడ ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసినా, నిటారైన కొండల మీది నీరు వెంటనే సముద్రంలో కలిసిపోతుంది. ఫిబ్రవరి మొదలు వానలు పడేవరకు పోర్ట్‌బ్లెయిర్‌లో నీటికి కరవు. ఆ కాలంలో నీటివసతిని గూర్చి అడిగి తెలుసుకోవాలి, పొదుపుగానూ వాడాలి; మనం పారబోసే నీరు అక్కడివారి ఇంటి నీరు. రెండవది భద్రత. మడ అడవుల సమీపాన ఉప్పునీటి మొసళ్ళు సంచరిస్తాయి. 2010లో హావ్‌లాక్ తీరంలో ఒక విదేశీ యాత్రికురాలు మొసలి వాతబడి మరణించింది. కనుక హెచ్చరిక ఫలకాలున్న చోట నీటిలో దిగరాదు.

సంగ్రహంగా చెప్పాలంటే, ద్వీపంలో బసను గది అలంకారాన్ని బట్టి కాక, రేవు ఎంత దూరం, తీరం ఏ దిక్కు, ఆటుపోట్లు ఏ వేళ, నీరు ఎంత అని ప్రశ్నించి ఎన్నుకోవాలి. ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం తెలిసికొని బయలుదేరినవానికి సామాన్యమైన గది కూడా సుఖవాసమే.