ఇంగ్లీషు దేశం అంటే ఏది? – ఒక రంగం కథ

పోయిన నెల కాకినాడ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. మంచి కోపం మీద ఉన్నాడు. "మామయ్యా, ఎల్.కె.జి. నుంచి బి.టెక్. దాకా ఇంగ్లీషు మీడియమే చదివాను కదా. ఇప్పుడు నాకు ఇంగ్లీషు వచ్చని పరీక్ష రాసి చూపించమంటారేంటి?" అన్నాడు. బ్రిటన్ లో ఎమ్మెస్ కి దరఖాస్తు పెడుతున్నాడు. ఎక్కువమంది ఇంగ్లీషు మాట్లాడే దేశాలంటూ అక్కడి వీసా వాళ్ళు ఒక జాబితా పెట్టుకున్నారు. అందులో మాల్టా ఉంది, గయానా ఉంది, సెయింట్ లూసియా ఉంది. ఇండియా లేదు. సింగపూరూ లేదు, నైజీరియా కూడా లేదు.

మనలో చాలామందిమి ఈ గుమ్మం దాటి వచ్చినవాళ్ళమే. టోఫెల్ కో, ఐ.ఇ.ఎల్.టి.ఎస్. కో డబ్బు కట్టి, హెడ్ ఫోన్లు పెట్టుకుని మైకులో మాట్లాడి వచ్చినవాళ్ళమే. అప్పుడు మనకీ ఇదే అనుమానం వచ్చి ఉంటుంది. ఇంతకీ ఒక దేశాన్ని "ఇంగ్లీషు మాట్లాడే దేశం" అని దేన్ని బట్టి అంటారు?

చట్టాన్ని బట్టి అనుకుందామా? అమెరికాకి 2025 మార్చి దాకా దేశం మొత్తానికీ వర్తించే అధికార భాష అంటూ లేనే లేదు. ఆ నెల మొదటి తేదీన అధ్యక్షుడి ఉత్తర్వుతో ఇంగ్లీషుకి ఆ హోదా వచ్చింది. ఆస్ట్రేలియా రాజ్యాంగంలో అధికార భాష ప్రస్తావనే లేదు. నైజీరియాలో మాత్రం ఇంగ్లీషే అధికార భాష, అయినా పై జాబితాలో చోటు దొరకలేదు. పోనీ తలకాయలు లెక్కపెడదామంటే, 2011 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లీషు వచ్చని చెప్పిన భారతీయులు దాదాపు 12.9 కోట్లు. బ్రిటన్ మొత్తం జనాభాకి ఇది రెట్టింపుకి దగ్గర. అయితే అందులో ఇంగ్లీషే మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు సుమారు 2.6 లక్షలు మాత్రమే. మిగతావాళ్ళందరికీ అది రెండో భాషో, మూడో భాషో. జాబితా రాసేవాళ్ళు చూసేది ఈ చిన్న అంకెనే. ఆ లెక్కన ఇంట్లో మాల్టీస్ మాట్లాడుకునే మాల్టాకి చోటెలా దొరికిందో వాళ్ళకే తెలియాలి!

ఈ చిక్కు విప్పడానికి మనవాళ్ళకి బాగా తెలిసిన ఒక ఊరి కథ పనికొస్తుంది. రంగూన్. శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా మన పెద్దవాళ్ళు "రంగం" అన్న ఊరు. ఇప్పటి పేరు యాంగోన్.

ఆ ఊరి నడిబొడ్డున, చైనా బజారు ఉన్నచోట, లత అనే టౌన్ షిప్ ఉంది. రాత్రిపూట కాల్చిన మాంసం, చేపల దుకాణాలతో కిటకిటలాడే 19వ వీధి ఇందులోదే. ఎర్ర ఇటుకల జనరల్ ఆసుపత్రీ ఇందులోనే ఉంది. లత వీధిని తెల్లవాళ్ళ కాలంలో లాటర్ వీధి అనేవారు. థామస్ లాటర్ అనే ఇంగ్లీషు అధికారి 1845 లో బర్మా భాషకి ఇంగ్లీషులో వ్యాకరణం రాశాడు. ఆయన ఇంటిపేరే వీధి పేరయింది. ఆ లాటర్ బర్మావాళ్ళ నోట్లో పడి "లత" అయ్యాడు. వాళ్ళ భాషలో ఆ మాటకి వెన్నెల కాయడం అని అర్థం వస్తుంది. మన చెవికేమో తీగ. ఇంగ్లీషువాడి పేరు మాత్రం ఎవరికీ వినిపించదు.

1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ లో ఉన్నది సుమారు 4 లక్షలమంది, అందులో సగం పైన ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళే. రేవులో మూటలు మోసినవాళ్ళలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువ. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుతో వాళ్ళని "కోరంగీలు" అని పిలిచేవారు. ఆ రోజుల్లో రంగూన్ ఎవరు చూసినా ఇంగ్లీషు నగరంలాగే కనపడేది. హైకోర్టు ఇంగ్లీషు, బ్యాంకులు ఇంగ్లీషు, 1920 లో పెట్టిన యూనివర్సిటీ ఇంగ్లీషు, పేరున్న పత్రికలు ఇంగ్లీషు. కానీ రేవులో తెలుగు కూలీ, చైనా దుకాణదారు, బర్మా పడవవాడు బేరమాడుకోవడానికి వాడింది ఇంగ్లీషు కాదు, ఎవరికి వచ్చినంత వాళ్ళు కలుపుకున్న బజారు హిందుస్తానీ. ఇంగ్లీషు మేడమీద ఉండేది, వీధిలోకి దిగలేదు.

1948 జనవరి 4న స్వాతంత్ర్యం వచ్చింది. 1947 లో రాసుకున్న రాజ్యాంగం బర్మా భాషని అధికార భాష చేస్తూనే, ఇంగ్లీషు వాడకాన్ని అనుమతించవచ్చని ఒక చిన్న వెసులుబాటు ఉంచింది. 1962 లో జనరల్ నేవిన్ సైన్యంతో అధికారం పట్టాడు. రెండు, మూడేళ్ళలో యూనివర్సిటీ చదువు బర్మా భాషలోకి మారింది, మిషనరీ బడులు జాతీయం అయిపోయాయి, "ది నేషన్" అనే పేరున్న ఇంగ్లీషు పత్రిక 1963 లో మూతపడింది. దుకాణాలు, వ్యాపారాలు సర్కారు తీసేసుకోవడంతో మనవాళ్ళు పెద్ద సంఖ్యలో ఓడలెక్కి వచ్చేశారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా నిలిచిందే.

గమనించండి, ఒక తరం తిరిగేసరికి ఇంగ్లీషు వెళ్ళిపోయింది. మేడమీదున్న నలుగురు దిగిపోతే చాలింది, వీధికి తేడా తెలియలేదు.

తరవాత సర్కారే మనసు మార్చుకుంది. 1981 లో ఇంగ్లీషుని మళ్ళీ చిన్న తరగతుల నుంచి పెట్టారు. హైస్కూలు పై తరగతుల్లో లెక్కలు, సైన్సు పుస్తకాలు ఇంగ్లీషులో వచ్చాయి, కాలేజీ చదువు ఇంగ్లీషన్నారు. నేవిన్ కూతురికి ఇంగ్లీషు చాలక విదేశంలో సీటు రాలేదని, ఈ మార్పంతా అందుకేనని రంగూన్ లో జనం చెప్పుకునేవారు. అది నిజమో కాదో గానీ, జరిగింది మాత్రం ఇది: పుస్తకం ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు, పాఠం చెప్పేది బర్మా భాషలో. పిల్లలు బట్టీ కొట్టి రాసేవారు.

ఇప్పటికీ లత ఆసుపత్రి డాక్టరు చదివింది ఇంగ్లీషు పుస్తకాలే. రోగితో మాట్లాడేది బర్మా భాష. 1988 ఆగస్టు 24న సూకీ మొదటిసారి జనం ముందు మాట్లాడింది ఈ ఆసుపత్రి దగ్గరే. ఆక్స్ ఫర్డ్ లో చదివి ఇంగ్లీషాయన్ని పెళ్ళాడిన మనిషి, మాట్లాడింది బర్మా భాషలో. ఇంకో విచిత్రం. మెకాలే పుణ్యమా అని వచ్చిన మన పీనల్ కోడ్ ని మనం 2024 జులై 1న పక్కన పెట్టాం. బర్మా కోర్టుల్లో అది ఇంకా నడుస్తోంది. చట్టం పుట్టింది ఇంగ్లీషులో, వాదించేది బర్మా భాషలో.

మరి అదే తెల్లవాడు ఏలిన మన దేశంలో ఇంగ్లీషు ఎందుకు నిలిచింది? మన రాజ్యాంగం కూడా దానికి 15 ఏళ్ళే గడువిచ్చింది. గడువు దగ్గరపడేసరికి హిందీ ఒక్కటే అయితే ఒప్పుకోమని దక్షిణాది, ముఖ్యంగా తమిళనాడు, భగ్గుమంది. 1963 చట్టంతో ఇంగ్లీషు కొనసాగింది. అంటే మన మీద ప్రేమతో కాదు, మనలో మనకి పడక నిలిచింది. సింగపూర్ లోనూ చైనా, మలయ్, తమిళులకి ఎవరి సొంతమూ కాని భాష కావలసివచ్చింది. బర్మాలో షాన్, కరెన్, కచిన్ లాంటి జాతులున్నా, ఒక భాషవాళ్ళు బాగా ఎక్కువ, వాళ్ళ చేతిలోనే సైన్యం. ఇంగ్లీషు అవసరం పడనివ్వలేదు.

1985 లో బ్రజ్ కచ్రూ అనే పండితుడు (కాశ్మీరు ఆయన, అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో పనిచేశారు) ఇంగ్లీషు లోకాన్ని మూడు వలయాలుగా గీశారు. ఇంట్లో మాట్లాడే దేశాలు లోపలి వలయం. ఒకప్పటి వలస పాలనలో ఉండి, ఆఫీసుల్లో, కోర్టుల్లో తమలో తాము ఇంగ్లీషు వాడుకునేవి రెండోది. బయటివాళ్ళతో మాట్లాడడానికి నేర్చుకునేవి మూడోది. ఇండియా రెండో వలయం. బర్మా రెండోదాంట్లోంచి మూడోదాంట్లోకి జారిన దేశం.

నా మటుకు నేను ఒక పామరుడి పరీక్ష పెడతాను. ముక్కూ ముఖం తెలియని ఇద్దరు స్థానికులు బస్సులో దెబ్బలాడుకుంటే ఏ భాషలో మొదలుపెడతారు? డబ్లిన్ లో ఇంగ్లీషే. లతలో బర్మా భాష. కాకినాడ బస్టాండులో ఏమిటో మీకే తెలుసు.

ఇదంతా మా వాడికి చెప్పి, "ఒరేయ్, మీ కాలేజీలో థెర్మోడైనమిక్స్ ఏ భాషలో చెప్పార్రా?" అనడిగాను.

కాసేపు మాట లేదు. తరవాత నవ్వాడు. "తెలుగులోనే మామయ్యా. పరీక్ష మాత్రం ఇంగ్లీషు."

అయినా వాడికి దారి లేకపోలేదు. దేశం పేరు జాబితాలో లేకపోయినా, బ్రిటన్ లో చాలా యూనివర్సిటీలు 12వ తరగతి ఇంగ్లీషు మార్కులు చూసి పరీక్ష మినహాయిస్తాయి. ఏ బోర్డు మార్కులు, ఎన్ని కావాలి అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి దరఖాస్తుకి ముందే రాసి కనుక్కోవాలి. ప్రస్తుతం మా వాడు ఇంటర్ మార్కుల మెమో కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు.